ఐబీఎస్ అని రాసే ముందు ఒక్క రక్తపరీక్ష రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే కడుపు బాధ మీద వచ్చిన వ్యాసం చదివాను. టెన్షన్ తగ్గించుకోండి, టైముకు తినండి, కాఫీ తగ్గించండి, యోగా చేయండి అని రాశారు, బాగానే ఉంది. కానీ పేజీ మొత్తంలో సీలియాక్ అనే పేగు జబ్బు మాట ఒక్కసారి కూడా కనపడలేదు. పైగా చివర్లో ‘గోధుమలు పడట్లేదనిపిస్తే కొన్నాళ్లు మానేసి చూడండి’ అని ఒక సలహా. నాకు ఎక్కువ భయం వేసింది దీని గురించే, ఎందుకో తర్వాత చెప్తాను.

ఐబీఎస్ ఉందని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. లక్షణాలు చూసి చెప్పే జబ్బు అది. గత మూడు నెలలుగా వారానికి ఒక్కరోజైనా కడుపునొప్పి ఉండటం, దాంతోపాటు విరేచనం తీరు మారటం, ఇలాంటివి చూసి పేరు పెడతారు. సీలియాక్‌లోనూ అవే బాధలు: ఉబ్బరం, గ్యాస్, నొప్పి, మోషన్స్, కొందరికి దానికి భిన్నంగా మలబద్ధకం. లోపల జరిగేది మాత్రం పూర్తిగా వేరు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది లోపలికి వెళ్లినప్పుడల్లా ఈ జబ్బు ఉన్నవాళ్ల శరీరం తన చిన్నపేగు మీద తనే దాడి చేస్తుంది. తిన్నదాన్ని పీల్చుకోవడానికి పేగు లోపలి గోడ నిండా నూగులాగా సన్నటి మొలకలు ఉంటాయి, అవి అరిగి చదునైపోతాయి. ఇక ఐరన్ ఒంటికి పట్టదు, కాల్షియం పట్టదు, ఎముకలు బలహీనపడతాయి, పిల్లలైతే ఎదుగుదల ఆగుతుంది. ఐబీఎస్ మనిషిని ఎంత వేధించినా పేగును మాత్రం పాడుచేయదు.

మా మరిది సంగతే చెప్తాను. మాదాపూర్‌లో ఉద్యోగం, నైట్ షిఫ్టులు. నైట్ షిఫ్ట్ అన్న మాట చెవిన పడగానే డాక్టర్లకు సగం రోగం అర్థమైపోతుంది కాబోలు, మిగతాది ఎవరూ అడగలేదు. ముందు అమీబియాసిస్ అన్నారు, తర్వాత గ్యాస్ట్రైటిస్ అన్నారు, చివరికి ఐబీఎస్ దగ్గర స్థిరపడ్డారు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ కదల్లేదు, మగమనిషికి ఇంత రక్తం ఎక్కడ పోతోందని ఒక్కరికైనా అనుమానం రావాలి కదా? ఒక పెద్ద ఆస్పత్రిలో ఎండోస్కోపీ కూడా చేశారు. పొట్ట చూశారు, కొంచెం వాపు ఉందన్నారు, చిన్నపేగు నుంచి ముక్క మాత్రం తీయలేదు. సీలియాక్‌లో పేగు పైకి మామూలుగానే కనపడొచ్చు, చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు ముక్కలు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే నమ్మకంగా తెలుస్తుంది. ఇదంతా ఒక ఎత్తు, వాళ్లిచ్చిన డైట్ చార్ట్ ఒక ఎత్తు. పొద్దున గోధుమరవ్వ ఉప్మా, రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు! దాన్ని అతను బుద్ధిగా పాటించాడు కూడా.

ఆ తర్వాత ఎప్పుడో థైరాయిడ్ కోసం వెళ్తే అక్కడి డాక్టరమ్మ, రక్తం తక్కువ, థైరాయిడ్, కడుపు బాధ, ఈ మూడూ ఒకే మనిషిలో ఎందుకున్నాయని ఆలోచించి సీలియాక్‌ను పసిగట్టే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష రాసింది. అది బాగా ఎక్కువ వచ్చింది. మళ్లీ ఎండోస్కోపీ, ఈసారి ముక్కలు తీసి చూస్తే సీలియాక్ అని తేలింది. గోధుమ మానేశాక మెల్లగా రక్తం పట్టింది, బరువు పెరిగాడు. షిఫ్టులు అవే, మేనేజరూ ఆయనే.

టెన్షన్ అంటే గుర్తొచ్చింది. ఈ జబ్బుకీ గోధుమకీ ఉన్న లంకె గట్టిపడింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరక్కపోతే, అంతవరకూ చిక్కిపోతున్న సీలియాక్ పిల్లలు కొంచెం కోలుకున్నారని, రొట్టె మళ్లీ అందేసరికి జబ్బు తిరగబెట్టిందని విలెమ్ డికె అనే పిల్లల డాక్టర్ గమనించాడు. యుద్ధం, ఆకలి, బాంబులు, అంతకంటే పెద్ద టెన్షన్ ఏముంటుంది చెప్పండి.

మన దగ్గర డాక్టర్లు చెప్పే ఇంకో మాట, ‘అది నార్త్ ఇండియా వాళ్ల జబ్బండీ’ అని. ఇందులో కొంత నిజముంది. 2016లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన నూటికి 1.23 మంది రక్తంలో ఉంటే దక్షిణాదిన 0.10 మందిలోనే ఉన్నాయని తేలింది. కానీ అదే అధ్యయనంలో ఇంకో రెండు అంకెలున్నాయి, వాటిని ఎవరూ చెప్పరు. ఈ జబ్బుకు దారిచ్చే జన్యువులు అక్కడ నూటికి సుమారు 38 మందిలో ఉంటే ఇక్కడ సుమారు 36 మందిలో ఉన్నాయి, అంటే దాదాపు సమానం. పెద్ద తేడా తిండిలో, అక్కడ మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే ఇక్కడ 25 గ్రాములు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌కైనా రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూడండి, షుగర్ ఉన్నవాళ్లూ, షుగర్ వస్తుందేమోనని భయపడేవాళ్లూ, బరువు తగ్గాలనుకునేవాళ్లూ అందరి కంచాల్లోనూ చపాతీలే. ఆ 25 గ్రాములు మన ఊరికి ఎప్పుడో పాతబడిన లెక్క అని నా అభిప్రాయం. పోనీ రక్తంలో ఆ యాంటీబాడీలు వెయ్యికి ఒక్కరికే ఉన్నాయనుకున్నా, కోటి దాటిన ఊళ్లో పదివేల మంది అవుతారు. తరాలుగా ఇక్కడే ఉన్న బేగంబజార్ మార్వాడీలు, పనుల కోసం వచ్చిన బిహార్, యూపీ వాళ్లు ఈ ఊరి మనుషులు కారా?

ఐబీఎస్ అని చెప్పిన ప్రతివాళ్లకూ సీలియాక్ ఉందని నేననట్లేదు. చాలామందికి ఉన్నది ఐబీఎస్సే. కానీ ఆ ముద్ర వేసే ముందు సీలియాక్ కాదని చూసుకోమని బ్రిటన్ మార్గదర్శకాలు 2008 నుంచీ చెప్తున్నాయి, మోషన్స్ ఉన్న ఐబీఎస్ వాళ్లకు ఈ రక్తపరీక్ష చేయమని అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం కూడా 2021లో చెప్పింది. రక్తం పట్టనివాళ్లు, థైరాయిడ్ లేదా టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో ఒకరికి సీలియాక్ తేలినవాళ్ల పిల్లలు, తోబుట్టువులు తప్పకుండా అడిగి చేయించుకోవాలి. టీటీజీతో పాటు రక్తంలో ఐజీఏ అనే రకం యాంటీబాడీలు మొత్తం ఎంతున్నాయో కూడా చూడాలి, అవి పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకు జబ్బున్నా టీటీజీ నార్మల్ అని రావచ్చు.

ఇక ఆ ‘మానేసి చూడండి’ సంగతి. గోధుమ మానేస్తే రక్తంలో టీటీజీ తగ్గిపోతుంది, పేగు మానడం మొదలవుతుంది, అప్పుడు పరీక్ష చేస్తే ఏమీ లేదని వస్తుంది. మళ్లీ వారాల తరబడి గోధుమ తిని, బాధపడి, పరీక్షకు వెళ్లాలి. అందుకే ముందు పరీక్ష, తర్వాతే మానడం. దయచేసి ఈ సవరణ మీ పేజీలో వేయండి.

జబ్బు తేలాక మనవాళ్లకు ఒక రకంగా అదృష్టమే. అన్నం, పప్పు, ఇడ్లీ, దోసె, జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రలు, అన్నీ తినొచ్చు. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థే ఉన్న ఊరు మనది. చిక్కంతా దొంగచాటుగా వచ్చే గోధుమతో. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు, లేబుల్ తిప్పి చూడండి, అంటే పులిహోర కూడా అనుమానమే. గిర్నీలో గోధుమలు పట్టిన వెంటనే మన జొన్నలు పోస్తే ఆ పిండి పనికిరాదు. రంజాన్‌లో హలీం సంగతి చెప్పక్కర్లేదు, అందులో గోధుమే అసలు సరుకు. గ్లూటెన్ ఫ్రీ అని ప్యాకెట్ మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన ఉంది, హోటళ్లలో సర్వర్‌ను అడిగితే మాత్రం ‘మైదా లేదు మేడం, ఆటానే’ అంటాడు.

ప్రభుత్వాన్ని అడిగేది పెద్దదేమీ కాదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఎన్నో పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు, బస్తీ దవాఖానాలో కూర్చున్న డాక్టర్ కూడా అనుమానం వస్తే టీటీజీ రాయగలిగేలా, రిపోర్టు అక్కడికే వచ్చేలా చూడాలి. ఎండోస్కోపీ చేసే ఆస్పత్రులు, రక్తం తక్కువున్న మనిషికి చిన్నపేగు ముక్కలు తీయకుండా పంపేస్తే ఎందుకు తీయలేదో రిపోర్టులో రాయాలి. మీరు కూడా ఒక గ్యాస్ట్రో డాక్టర్‌తో దీని మీదే ఒక పేజీ వేయించండి, అందులో ఇంగువ డబ్బా సంగతి మాత్రం వదలకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తార్నాక, హైదరాబాద్