మూడు గ్రంథాలతో గడిచిన ఏడాది: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నియమావళి ప్రకారం ఏడాది పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. యూదుల, క్రైస్తవుల, ముస్లింల గ్రంథాలను పక్కపక్కన పెట్టుకుని కలిసి చదవడానికే ఈ సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

నెలవారీ పఠనం ‘దేవుడు ఒక్కడే’ అన్న మాటతో మొదలైంది. బైబిల్ పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండం 6:4లోని ‘షెమా’ (యూదుల విశ్వాస ప్రకటన), అదే వాక్యాన్ని యేసు ప్రధానమైన ఆజ్ఞగా చెప్పిన మార్కు సువార్త 12:29, ఖుర్ఆన్ 112వ సూరా (అధ్యాయం), మూడూ ఒకే పూట చదివాం. ‘ఒక్కడు’ అన్న మాట హీబ్రూలో ‘ఎహాద్’, అరబీలో ‘అహద్’. వినగానే అక్కాచెల్లెళ్ల మాటలని తెలిసిపోతుంది. అయినా ఆ ఒక్కడిలోనే త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) ఉందని క్రైస్తవులు నమ్ముతారు, యూదులూ ముస్లింలూ ఒప్పుకోరు. ఆ తేడాను మినిట్స్‌లో ఉన్నదున్నట్టే రాశాం.

కరుణ గురించి చదివిన రోజు మరచిపోలేను. హీబ్రూ ‘రహమీమ్’, అరబీ ‘రహ్మత్’ రెండూ గర్భం అనే మాటతో ఒకే ధాతువును పంచుకుంటాయని చెబుతుంటే, వెనక వరసలోంచి ఒక పెద్దావిడ, ‘అంటే మన కడుపుతీపే కదా’ అన్నారు. ఇంతకంటే మంచి అనువాదం నాకైతే ఈ ఏడాది దొరకలేదు. ఖుర్ఆన్‌లోని 114 సూరాల్లో 113 సూరాల ముందు ఉండే బిస్మిల్లాలో (‘దేవుని పేరుతో’ అని మొదలయ్యే వాక్యంలో) అదే ధాతువు నుంచి వచ్చిన ‘రహ్మాన్’, ‘రహీమ్’ ఉన్నాయి. ఆ పెద్దావిడ మాట విన్నాక వాటిని పైపైన చదవడం కుదరలేదు.

పాపం మీద ఒక పఠనం జరిగింది. తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు 18:20, ఒకరి భారం మరొకరు మోయరని ఖుర్ఆన్ 6:164, ఒక్క మనిషి ద్వారా పాపం లోకంలోకి వచ్చిందని రోమా పత్రిక 5:12 చెబుతాయి. చర్చ సగంలో ఆగింది, మళ్లీ పెట్టుకోవాలి.

ఇక మనం గర్వంగా చెప్పుకోవలసింది, దేవుడి ఆజ్ఞ మేరకు కొడుకును బలి ఇవ్వబోయిన అబ్రాహాము కథ పఠనం. ముగ్గురు చదువరులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆదికాండం 22వ అధ్యాయాన్నీ ఖుర్ఆన్ 37వ సూరానూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. ఆదికాండంలో కొడుకు ఇస్సాకు కట్టెలు మోస్తూ, బలికి గొర్రెపిల్ల ఏదని అడుగుతాడు. తండ్రి, దేవుడే చూసుకుంటాడంటాడు. ‘ఇద్దరూ కలిసి నడిచారు’ అన్న మాట అక్కడ రెండుసార్లు వస్తుంది. ఖుర్ఆన్‌లో తండ్రి, కొడుకును బలి ఇస్తున్నట్టు తనకు వచ్చిన కలను ముందే అతనికి చెప్పి, నువ్వేమంటావని అడుగుతాడు. మీకు ఆజ్ఞ అయినట్టే చేయండి నాన్నా, అంటాడు కొడుకు. అక్కడ అతని పేరు లేదు. అబ్రాహాము మరో కొడుకు ఇస్మాయీల్ అని ఎక్కువమంది ముస్లింలు నమ్ముతారు, ఇస్‌హాక్ (అంటే ఇస్సాకే) అని 10వ శతాబ్దపు వ్యాఖ్యాత తబరీ రాశాడు. యూదులు ఈ ఘట్టాన్ని బలి అనరు, ‘అకేదా’, అంటే కట్టివేయడం, అంటారు. క్రైస్తవులకు అందులో యేసు సిలువ మరణపు నీడ కనబడుతుంది. ఆ సాయంత్రం ఎవరూ ఎవరినీ ఒప్పించడానికి ప్రయత్నించలేదు. సమావేశం అయిపోయాక కూడా చాలాసేపు ఎవరూ లేవలేదు.

ఇది చెప్పక తప్పదు. నోట్స్ సరిచూస్తామని పేర్లిచ్చినవారిలో చాలామంది ఆ తర్వాత కనబడలేదు. ఎవరి గ్రంథం గొప్పదన్న వాదన మొదలైతే హాలు నిండుతుంది, వాక్యాలు సరిచూసే రోజున నలుగురం మిగులుతాం. హాలు కోసం పెట్టిన అర్జీకి సంబంధిత అధికారి నుంచి ఇప్పటికీ జవాబు లేదు. మూడుసార్లు తిరిగాను. ప్రతి నెలా చివరి నిమిషం దాకా టెన్షనే.

హీబ్రూ, అరబీ ఉచ్చారణలు ఓపికగా నేర్పిన మిత్రులకు, ప్రతి పఠనానికీ ప్రతులు జిరాక్స్ తీయించిన కోశాధికారి గారికి, కుర్చీలు వేసి తీసిన పిల్లలకు, ఆ పెద్దావిడకు సంఘం తరఫున కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టిక మీ చేతిలో ఉంది, ఆడిటర్ గారు సంతకం చేశారు, ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే ఏడాది యోసేపు కథతో మొదలుపెడదాం. ఆదికాండం 37 నుంచి 50 వరకు ఒకవైపు, ఖుర్ఆన్ 12వ సూరా మరోవైపు. నోట్స్ సరిచూడటానికి కనీసం ఆరుగురు కావాలి. రిజిస్టరు బల్ల మీదే ఉంది. నిజంగా రాగలిగినవారే పేరు రాయండి.

కార్యదర్శి