ఇది మా ఆరో ఉత్తరం

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పక్కన మీరు మూసేసిన ఫ్యాక్టరీ ఉంది కదా, దాని గోడకు ఆనుకున్న ఊరు మాది. ఇప్పటికి ఐదు ఉత్తరాలు రాశాం. ఒక్కదానికీ జవాబు లేదు. ఫ్యాక్టరీ వ్యర్థాలు పోసిన మీ గుంటల్లో ఏ రసాయనాలున్నాయో మాకన్నా మీకే బాగా తెలుసు, అది మళ్లీ రాయను. మమ్మల్ని మనుషుల కింద లెక్కేయకపోవడమే భరించలేకపోతున్నాం.

సంక్రాంతి అయ్యాక మీ హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి "కస్టమర్ నంబర్ చెప్పండి సార్" అంది. నేను కొనేవాణ్ని కాదమ్మా, మీ ఫ్యాక్టరీ పక్కన బతికేవాణ్ని అన్నాను. ఎన్విరాన్‌మెంట్ సెక్షన్‌కు కలిపింది. వాళ్లు లీగల్ సార్‌ని అడగమన్నారు. మూడు రోజులు ఎప్పుడు చేసినా ఆయన లంచ్‌కు వెళ్లారన్నారు. నాలుగో రోజు దొరికి, "ప్లాంట్ మూసేశాం కదా, ఇంకేం సమస్య?" అని పెట్టేశారు. మూసింది గేటు సార్. వాన పడ్డప్పుడల్లా ఆ గుంటలు పొంగి వాగులో కలుస్తూనే ఉన్నాయి.

ఏప్రిల్‌లో మీ ఆఫీసర్ ఒకాయన వచ్చాడు. మా అమ్మ మజ్జిగ ఇస్తే, ఏ నీళ్లతో చేశారమ్మా అని అడిగి పక్కన పెట్టాడు. మా బోరు నీళ్లు సీసాలో పట్టుకుని, వారంలో రిపోర్ట్ పంపుతానన్నాడు. నెల చూసి ఫోన్ చేస్తే ఆయన బదిలీ అయ్యాడట. ఆ సీసా సంగతి ఎవరికీ తెలియదట.

మా నాన్న మీ బాయిలర్ దగ్గర 19 ఏళ్లు పనిచేశాడు. దసరాకు ఆయుధపూజ ప్రసాదం ఇంటికి తెచ్చేవాడు. పోయేదాకా "మన కంపెనీ" అనే అన్నాడు.

మా ప్రాంతపు కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. పాడుచేసినవాళ్లే బాగుచేసే ఖర్చు పెట్టుకోవాలని రాజస్థాన్‌లోని బిచ్‌డీ ఊరి కేసులో 1996లో అదే కోర్టు చెప్పింది. భోపాల్‌లో 1984లో విషవాయువు లీకైన ఫ్యాక్టరీ నుంచి 337 టన్నుల వ్యర్థాలు బయటికి వెళ్లేసరికి 2025 జనవరి వచ్చింది. మేం అన్నేళ్లు ఆగం. గుంటల్లోని బురదంతా తవ్వి తీసుకెళ్లండి, పైన నాలుగు లారీల మట్టి పోసి చదును చేస్తామంటే ఒప్పుకోం. నీళ్లు మా కళ్ల ముందే పరీక్షకు పట్టండి, రిపోర్ట్ గ్రామసభలో తెలుగులో చదవండి.

దసరా లోపు జవాబు రాకపోతే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్తాం. దానికంటే ముందు ట్రాక్టర్ ట్యాంకర్ నిండా ఆ వాగు నీళ్లు తెచ్చి మీ ఆఫీసు గేటు ముందు నిలబెడతాం. ఊరంతా వస్తాం.

ఏప్రిల్‌లో తీసుకెళ్లిన సీసా రిపోర్ట్ కూడా పంపండి. ఆ నీళ్లు తాగొచ్చో లేదో మా అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

ఇట్లు,
మీ బాయిలర్ కార్మికుడి కొడుకు