జీడీపీ లెక్కలో తరుగు ఏది?

సంపాదకుల గారికి నమస్కారం.

ఏటా బడ్జెట్ రోజుల్లో వచ్చే మన రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే వార్త మీ పేపర్లో వదలకుండా చదువుతాను. వృద్ధి ఇంత, తలసరి ఆదాయం ఇంత, చేపలూ రొయ్యల్లో దేశంలో మనమే ముందు అని. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, అందుకని ఆ చివరి ముక్క దగ్గర కాస్త గర్వంగానే ఉంటుంది, అబద్ధమెందుకు. మా రెండెకరాలు కూడా రొయ్యల చెరువుకే లీజుకిచ్చాం, వరి మీద కంటే ఎక్కువే వస్తోంది. కానీ ఒకప్పుడు మా పెరట్లో బోరింగు నీళ్లతో కందిపప్పు మెత్తగా ఉడికేది, ఇప్పుడు ఆ నీళ్లు పుక్కిలించడానికి కూడా పనికిరావు. రోజూ మంచినీళ్ల టిన్ను కొనుక్కుంటున్నాం. తమాషా ఏమిటంటే రొయ్యలమ్మిన డబ్బూ జీడీపీలో కలుస్తుంది, నేను టిన్నుకిచ్చే డబ్బూ కలుస్తుంది, తియ్యటి నీళ్లు పోయిన సంగతి మాత్రం ఎక్కడా ఉండదు.

మిల్లుకి ధాన్యం తోలితే తేమ అనో తాలు అనో బస్తాకింత తరుగు తీయందే మనల్ని వదలరు. దేశం లెక్కల్లోనూ తరుగు ఉంది, కాకపోతే అది యంత్రాలకీ భవనాలకీ మాత్రమే. వాటి అరుగుదల తీసేసి నికర దేశీయోత్పత్తి అని ఇంకో అంకె వేస్తారు. మిల్లులో మోటారు అరిగితే తీస్తారు, మిల్లు కింద నీరు ఉప్పెక్కితే తీయరు. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. జాతీయాదాయం లెక్కలకి దారి వేసిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, ఈ అంకె చూసి దేశం బాగోగులు తేల్చేయకండని అమెరికా సెనేట్‌కిచ్చిన నివేదికలో రాశాడు.

కొల్లేరు సంగతే చూడండి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు, ఆ తర్వాత మళ్లీ చెరువులు లేచాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య వాననీటిని పట్టి ఉంచి మెల్లగా ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదలడం ఆ సరస్సు చేసే పని, అదీ జీతం లేకుండా. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచడానికి కారణాలు చాలా ఉన్నాయి, గండ్లు పడ్డాయి, ఆక్రమణలున్నాయి, కానీ ఆ నీళ్లు కూడా చివరికి వెళ్లాల్సింది కొల్లేరుకే. సరస్సులో చెరువు తవ్వితే వృద్ధి, వరదొచ్చాక ఇళ్లు బాగు చేయించుకుంటే అదీ వృద్ధే. సరస్సు పట్టే నీళ్లు తగ్గితే మాత్రం ఎవరి పద్దులోనూ నష్టం రాయరు.

భూటాన్ వాళ్ల స్థూల జాతీయ ఆనందం లెక్కలో తొమ్మిది విభాగాలుంటే ఒకటి పర్యావరణానిదే, దేశంలో 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని 2008 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అదేదో స్వర్గం అనను, అక్కడి కుర్రాళ్లూ మనవాళ్లలాగే ఆస్ట్రేలియా విమానం ఎక్కుతున్నారు. అయినా వాళ్లు కొలుస్తున్నారు. మన దగ్గర ఆలోచనలకేం తక్కువ లేదు, ఆర్థికవేత్త పార్థ దాస్‌గుప్తా కమిటీ ప్రకృతిని కూడా దేశం లెక్కల్లో కలిపే పద్ధతి ఎలా ఉండాలో 2013లోనే చెప్పింది, కేంద్ర గణాంక శాఖ 2018 నుంచి ఎన్విస్టాట్స్ పేరుతో పర్యావరణ గణాంకాల నివేదికలు వేస్తోంది, ఉత్తరాఖండ్ అయితే 2024లో గాలి, నీరు, నేల, అడవి కలిపి సొంతంగా ఒక సూచీయే పెట్టింది. వీటి గురించి మా రచ్చబండ దగ్గర ఒక్కరికైనా తెలుసా అంటే లేదు. 2022లో అమెరికా యూనివర్సిటీల వాళ్ల పర్యావరణ పట్టికలో 180 దేశాల్లో మనది 180వ స్థానం అని వచ్చినప్పుడు మాత్రం లెక్క తప్పని గట్టిగా అభ్యంతరం చెప్పాం. తప్పే అయ్యుండొచ్చు. మార్కులు వేసినవాణ్ణి తిట్టాక మన పేపరు మనమే సరిగ్గా దిద్దుకోవాలి కదా?

కొల్లేరుకి రూపాయల్లో ధర కట్టమని నేనడగడం లేదు, కొంగకి రేటు కట్టడం నాకూ నచ్చదు. ఆర్థిక సర్వేలో జిల్లాల ఆదాయం వేసినట్టే మండలాలవారీగా భూగర్భజలంలో ఉప్పు ఎంత, కొల్లేరులో నీళ్లున్న విస్తీర్ణం ఎంత, నిరుటికీ ఇప్పటికీ తేడా ఎంత అని ఒక పట్టిక వేయాలి. ఇలా అంటే రొయ్యల రైతు పొట్ట కొడతావా అంటారు, నాకు తెలుసు, మా బావమరిదే అన్నాడు. ఉప్పంతా చెరువుల వల్లే అని నేననడం లేదు, కాలవలకి నీళ్లు తగ్గడం ఉంది, సముద్రం లోపలికి పాకడం ఉంది. దేని వాటా ఎంతో తేలాలన్నా ముందు కొలవాలిగా.

మీకూ ఒక మనవి. ఈసారి వృద్ధి రేటు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేసినప్పుడు, అదే బాక్సులో ఏదో ఒక మండలం బోరు నీళ్ల అంకె కూడా వేయండి. మాదే వేస్తే ఆ కాగితం కత్తిరించి బోరింగు పక్కన అతికిస్తాను.

– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా