బందరు చరిత్ర 1611తో మొదలు కాలేదు

సంపాదకుడికి,

అయ్యా,

మచిలీపట్నంలో కొత్త ఓడరేవు పనులు మొదలైన నాటి నుంచి, 'ఇంగ్లీషువారు భారతదేశంలో తొలిసారి కాలుమోపిన బందరు' అనే మాట సభల్లో తరచూ వినిపిస్తోంది. బందరువాడిగా నాకూ ఆ మాట ముద్దుగానే ఉంటుంది గానీ, అది నిజం కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన హాకిన్స్ ఓడ 1608లోనే సూరత్ చేరింది. బందరుకు దక్కిన పేరు వేరు: తూర్పు తీరంలో ఈస్టిండియా కంపెనీ తొలినాటి వర్తక స్థావరాలలో ఇది ముఖ్యమైనది. పులికాట్‌లో డచ్చివారు అడ్డుపడగా ఆ కంపెనీ వారి 'గ్లోబ్' అనే ఓడ 1611లో నిజాంపట్నం మీదుగా ఇక్కడికి వచ్చింది. అప్పటికి డచ్చివారు బందరులో స్థిరపడి అయిదారేళ్లయింది.

అంతకన్నా పెద్ద పొరపాటు, ఇంగ్లీషువారు వచ్చేసరికి ఇక్కడ ఏమీ లేనట్టు మాట్లాడటం. గోల్కొండ సుల్తానులకు ఇది ప్రధాన రేవు. మక్కా వైపు రేవులకు, బర్మాలోని పెగూకు, సుమత్రాలోని ఆచేకు ఇక్కడి నుంచి ఓడలు వెళ్లేవి. తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలు కొనాలంటే అక్కడివారు అడిగేది మన తీరపు బట్టలనే కాబట్టి, చిరివేరుతో ఎర్రరంగు అద్దే మన అద్దకంవారి, నేతగాళ్ల పనితనం కోసమే కంపెనీలు ఈ తీరానికి ఎగబడ్డాయి. పెద్ద ఓడలు ఒడ్డుకు చేరలేక దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో సరుకు మోయవలసి వచ్చేది. అంత అవస్థ పడీ వారు రేవును వదలలేదు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ఫర్మానాతో ఏడాదికి 500 వరహాలు కట్టి ఆ రాజ్యపు రేవుల్లో వ్యాపారం చేసుకునే వీలు ఇంగ్లీషువారికి కలిగింది. అయినా ఇక్కడి అధికారులతో పొసగక వేరే చోటు వెతికారు. 1639లో దక్షిణాన స్థానిక పాలకులైన దామెర్ల నాయకుల నుంచి స్థలం పొంది కట్టుకున్నదే చెన్నపట్నం.

ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అని నేటికీ మనం పిలిచే పేటల పేర్లలోనే ఈ కథ ఉంది. 'వలంద' అంటే హాలండువారనీ, 'పరాసు' అంటే ఫ్రెంచివారనీ ఆ వీధుల్లో పెరిగిన పిల్లలకే తెలియకపోవడం విచారకరం. 1864 నవంబరు 1 నాటి తుపానులో ఊరు ఊరంతా మునిగి వేలమంది చనిపోయిన సంగతి సరేసరి.

కనుక ఓడరేవు నిర్మాణ సంస్థకు, పురపాలక సంఘానికి నా మనవి ఇది: రోడ్ల విస్తరణలో ఈ పేటల పేర్లు మార్చవద్దు. బందరు కోట వద్ద, డచ్చివారి సమాధుల వద్ద రక్షిత కట్టడమని బోర్డు పెట్టి ఊరుకోక, పై సంగతులను తెలుగులో చెప్పే పలకలు నిలపాలి. కొత్త రేవు ప్రాంగణంలో ఒక గదిని కలంకారీకి, పాత ఓడల పటాలకు కేటాయిస్తే దానికయ్యే ఖర్చు నిర్మాణ వ్యయంలో లెక్కకు కూడా రాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మచిలీపట్నం