మొక్క కణానికి త్వచం లేదనడం తప్పు

సంపాదకులకు,

నీట్ పరీక్షకు సిద్ధమయ్యే పిల్లల కోసం విశాఖలో పంచుతున్న ఒక స్టడీ మెటీరియల్‌లో ‘జంతుకణం – కణత్వచం, వృక్షకణం – కణకవచం’ అని రెండు గళ్ల పట్టిక వేశారు. దాన్ని బట్టీపట్టిన పిల్లలు మొక్క కణానికి త్వచమే లేదనుకుంటున్నారు. వేళ్లు నీటిని ఎలా పీల్చుకుంటాయన్న పాఠం ఇక వారికి అర్థమయ్యే దారి లేదు.

త్వచం లేని జీవకణం ఏదీ లేదు. రెండు వరుసల కొవ్వు అణువులు, వాటిలో పొదిగిన ప్రోటీన్లతో సుమారు 7, 8 నానోమీటర్ల మందాన ఉండే ఈ పలుచని పొర, కణంలోకి ఏది రావాలో, ఏది బయటికి పోవాలో నిర్ణయిస్తుంది. కవచం దానికి వెలుపల ఉండే గట్టి నిర్మాణం. మొక్కల్లో ప్రధానంగా సెల్యులోజ్‌తో, శిలీంధ్రాల్లో కైటిన్‌తో, చాలా బాక్టీరియాల్లో పెప్టిడోగ్లైకాన్‌తో ఏర్పడుతుంది. నీటినీ, అందులో కరిగిన లవణాలనూ అది అడ్డుకోదు. నీరు చేరి ఉబ్బిన కణం పగిలిపోకుండా కాస్తుంది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసిన గదులు నిర్జీవ కణాల కవచాలే.

ఈ తేడా కళ్లకు కట్టడానికి ఒక ఎర్ర ఉల్లిపాయ, ఒక మైక్రోస్కోపు చాలు. ఉల్లిరేకు పైభాగం నుంచి రంగున్న పలుచని పొరను వలిచి స్లైడుపై పరచి, ఆర్కే బీచ్‌లో పట్టిన సముద్రపు నీరు ఒక చుక్క వేస్తే, కొద్ది నిమిషాల్లో ప్రతి గదిలోని గులాబిరంగు ముద్ద మూలలను వదిలి లోపలికి ముడుచుకుపోతుంది. గోడలు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటాయి. మధ్యలో ఏర్పడిన ఖాళీలో ఉన్నది కవచాన్ని దాటి వచ్చిన ఉప్పునీరు. దాన్ని అక్కడే ఆపి, లోపలి నీటిని మాత్రం బయటికి పోనిచ్చింది త్వచం. వెంటనే మంచినీరు వేస్తే ముద్ద మళ్లీ గది నిండా పరచుకుంటుంది. అదే పొరను ముందుగా మరిగే నీటిలో ముంచి తీస్తే రంగంతా కారిపోతుంది, గోడలు మిగులుతాయి, ఎంత ఉప్పునీరు వేసినా ముడుచుకోవడానికి లోపల ఏమీ ఉండదు, ఎందుకంటే వేడికి త్వచం నశించింది. నా దృష్టిలో ఈ చివరి భాగమే అసలు పాఠం. ల్యాబుల్లో దీన్ని చూపించేవారు అరుదు.

డాక్టర్లు కావాలనుకునే పిల్లలకు ఈ తేడా మరీ ముఖ్యం. పెన్సిలిన్ బాక్టీరియా కవచ నిర్మాణాన్ని చెడగొడుతుంది. మన కణాలకు కవచం లేదు కనుక వాటి జోలికి రాదు. కవచమే లేని మైకోప్లాస్మా అనే బాక్టీరియాపై అది పనిచేయదు.

ప్రచురణకర్తలు ఆ పట్టికను సరిదిద్ది, ఇప్పటికే కొన్న పిల్లలకు సవరణ పత్రం అందజేయాలి. జూనియర్ కళాశాలలు ఈ ప్రయోగానికి రికార్డులో బొమ్మ వేయించి సరిపెట్టకుండా, ప్రతి విద్యార్థి చేతా చేయించాలని కోరుతున్నాను.

– ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం