షుకైర్ శిల్పాల కీళ్లు బిగుసుకుపోనివ్వకండి: లెబనాన్ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన లెబనాన్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

చిత్రకారిణి, శిల్పి సలువా రౌదా షుకైర్ 1916లో బీరూట్‌లో పుట్టి నూరేళ్లు బతికారు. 1947లో అక్కడ ఆమె పెట్టిన ప్రదర్శనను అరబ్బు ప్రపంచంలో తొలి నైరూప్య చిత్ర ప్రదర్శనగా చెబుతారు. లండన్‌లోని టేట్ మోడర్న్ కళా మ్యూజియం ఆమె జీవితకాలపు పనిని ఒకచోట చూపేసరికి 2013 వచ్చింది, ఆమెకు 96 ఏళ్లు వచ్చాయి. ఇంత ఆలస్యమయ్యాకైనా ఆ శిల్పాలను ఆమె అనుకున్నట్టే చూపించాలని మా విన్నపం.

1960ల్లో ఆమె చేసిన ‘పద్యం’ శిల్పాలు ఒకదానిపై ఒకటి కూర్చునే ముక్కలు. శతకంలో ఏ పద్యానికి ఆ పద్యం నిలిచినట్టే, అరబ్బీ కవితలో ఏ పాదానికి ఆ పాదం నిలవడం వాటికి మూలం. ముక్క తీస్తే అదీ శిల్పమే. అన్నిటినీ పేర్చి అద్దాల పెట్టెలో బిగిస్తే సగం పని కనబడకుండా పోతుంది.

ఈ ముక్కల్లో చెక్కవాటి సంగతి చూడండి. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. సముద్రపు తేమకు ముక్కలు కలిసే కీలు బిగుస్తుంది. అప్పుడు బలంగా లాగితే మూల పెచ్చు ఊడుతుంది. గది తేమను 45–55 శాతం మధ్య నిలకడగా ఉంచి, ఏడాదికోసారి ఇద్దరు మనుషులు విడదీసి చూడాలి. ఏ ముక్క తర్వాత ఏది తీయాలో ఫొటోలతో రాసిపెట్టాలి. సందర్శకుల చేతికి అసలువి వద్దు, అదే కొలతల నకళ్లు ఇవ్వండి.

ప్లెక్సీగ్లాస్‌కు (గాజులా కనిపించే ప్లాస్టిక్‌కు) నైలాన్ దారాలు కట్టిన శిల్పాలు ఇంకా సున్నితం. ఏళ్ల తరబడి బిగువులో ఉన్న నైలాన్ సాగుతుంది, ఎండ తగిలితే పెళుసెక్కుతుంది. వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వకండి. ప్లెక్సీగ్లాస్‌ను పొడిగుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్ పుట్టి దుమ్మును ఇంకా లాగుతుంది. స్పిరిటుతో తుడిస్తే దారం దూర్చిన రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్లు లేస్తాయి, ఆ నష్టం తిరిగి పూడదు. మెత్తటి బ్రష్‌తో దులపడమే మేలు.

ఇంకొక్క మాట. ‘రెండు = ఒకటి’ చిత్రానికి అంతర్యుద్ధంలో బాంబు పేలుడుకు చిల్లులు పడ్డాయి, గాజు పెంకులు గుచ్చుకున్నాయి. అది ఎవరి దగ్గరున్నా, ఎప్పుడు బాగుచేసినా, లేచిన రంగును మాత్రమే అతికించాలి. చిల్లులు పూడ్చకూడదు, గాజు తీయకూడదు.

ఇట్లు,
శిల్ప సంరక్షణ పనిలో ఉన్న తెలుగువాళ్లం