అమ్మలూ, ఆ పేపరు వదిలేయకు

అమ్మలూ,

ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట నాలుగు రోజులుగా మనసులో తిరుగుతోంది. "ఎకనామిక్స్ చదువుదామని వస్తే గోడౌన్ లెక్కలు చేయిస్తున్నారు నాన్నా, ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పేపరు మార్చుకుంటాను" అన్నావు. వెంటనే నాకు మాట రాలేదు. నీ ఎమ్మేలో ఏం చదవాలో నీకే తెలుసు. కానీ మిర్చి కోల్డ్ స్టోరేజీలో 26 ఏళ్లుగా గుమస్తా పని చేస్తున్నవాణ్ణి, గోడౌన్ సంగతి మాత్రం నేను చెప్పాలి.

ఒక రైతు దగ్గర 100 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఉన్నాయనుకో. టిక్కీకి 40 కిలోల లెక్కన 40 క్వింటాళ్లు. మార్కెట్ యార్డులో ఆరోజు క్వింటాలు ధర 11,000. అమ్మితే 4,40,000 చేతికొస్తుంది. ధర పెరుగుతుందని ఆశపడి మా దగ్గర పెట్టాడు. టిక్కీకి 200 అద్దె అనుకుంటే 20,000. ఆ 4,40,000 మీద నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ, ఆరు నెలలకి 52,800. రెండూ కలిపి 72,800, అంటే క్వింటాలు మీద 1,820. ధర 12,820కి చేరితే గానీ అతను బయల్దేరిన చోటికి తిరిగి రాడు. తూకంలో తరుగు నేనింకా వేయలేదు. మీ పుస్తకంలో దీన్నే హోల్డింగ్ కాస్ట్ అని, హెచ్ అని ఒక్క అక్షరం రాసి ముందుకెళ్లిపోతారు. ఆ ఒక్క అక్షరంలో ఒక ఇంటి ఆరు నెలల వడ్డీ ఉంటుంది తల్లీ.

2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయి, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించిన రోజులు గుర్తున్నాయా? రైతులు సరుకు పెట్టినప్పుడు మేమిచ్చిన రసీదులు, అవే బాండ్లు, చేతబట్టుకొని నా బల్ల చుట్టూ నిలబడి "ఉంచమంటావా, తీసేయమంటావా" అని అడిగేవాళ్లు. వాళ్లడిగింది నీ ఎకనామిక్స్ ప్రశ్నా, నా గోడౌన్ ప్రశ్నా? నాకైతే విడదీయడం రాలేదు.

నీకు ఇన్నాళ్లూ చెప్పని ఒక సంగతి చెప్తాను. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు జరిగింది. ఒక పెద్దాయన 30 టిక్కీలు పెట్టాడు. ఒక మంగళవారం ధర బాగా లేచింది. పొద్దున్నే బాండు తెచ్చి సరుకు తీయించమన్నాడు. అప్పట్లో నేను బస్తాలు వచ్చిన వరసలో వేయించేవాణ్ణి. అందరికంటే ముందొచ్చిన ఆయన సరుకు అన్నిటికంటే అడుగున, గోడవైపు ఉంది. పైనున్నవన్నీ దింపి, ఆయనవి తీసి, మళ్లీ పేర్చడానికి బస్తాలు మోసే ముఠావాళ్లకి రెండు రోజులు పట్టింది. యార్డుకి చేరేసరికి క్వింటాలు మీద 800 తగ్గింది. 12 క్వింటాళ్లకి 9,600. ఆయన నన్నొక్క మాట అనలేదు. గేటు దగ్గర టీ తాగి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మీ అమ్మనడుగు, చెప్తుంది.

తర్వాతి సీజను నుంచి బండి గేటు దాటకముందే "ఎప్పుడు అమ్ముదామనుకుంటున్నావు?" అని ప్రతి రైతునీ అడగడం మొదలుపెట్టాను. తొందరగా తీసేవాళ్ల సరుకు నడవ పక్కన, విత్తనాల టైము దాకా ఆగేవాళ్లది లోపల. ఎవరూ నేర్పలేదు. సరుకు పెట్టే చాంబరు పెరగలేదు, మనిషి పెరగలేదు, రైతు ఎదురుచూడటం మాత్రం తగ్గింది. నువ్వు చదివితే నాకు పట్టిన ఆ ఏడాది నీకు ఒక పూట పడుతుంది. అప్పుడే నాకది తెలిసుంటే ఆ పెద్దాయన 9,600 కూడా పోయేది కాదు.

దసరాకి నువ్వు ఇంట్లో వదిలేసిన నోట్సు చదివాను. సగం అర్థం కాలేదు. కాంటరోవిచ్ అనే రష్యా లెక్కల పండితుడి పేజీ మాత్రం రెండుసార్లు చదివాను. ఒక ప్లైవుడ్ ట్రస్టువాళ్లు ఏ మిషన్ మీద ఏ దుంగలు వేయాలని అడిగితే కుదిర్చిన లెక్క, 1939లో లెనిన్‌గ్రాడ్‌లో అచ్చయింది. 1975లో ఆయనకి, కూప్‌మన్స్ అనే ఆర్థికవేత్తకి కలిపి నోబెల్ ఇచ్చింది ఎకనామిక్స్‌లోనే కదా! చెక్కల మిల్లు లెక్క అని వాళ్లు పక్కన పెట్టలేదు. మిషన్ ఇంకో గంట దొరికితే దాని విలువెంతో కూడా ఆ లెక్కే చెప్తుందని నువ్వు పక్కన పెన్సిల్‌తో రాసుకున్నావు. అది చదివి లేచి కూర్చున్నాను. మార్చి నెలలో ముఠా ఇంకో గంట ఉంటే, ఖాళీ చాంబరు కంటే అది ఎంత విలువైందో నాకు తెలుసు. ఎంతో అంకె మాత్రం ఏనాడూ వేయలేకపోయాను.

ఇంకోటి. ఇలా పనుల్ని లెక్కకట్టి కుదిర్చే చదువునే ఆపరేషన్స్ రీసెర్చ్ అంటారు కదా, మన దేశంలో ఆ విభాగం మొదట తెరిచింది 1949లో హైదరాబాదులోనే, రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీలో. ఇప్పటి ఐఐసీటీ, అదే కెమికల్ టెక్నాలజీ సంస్థ, అది. తార్నాకలో నీ హాస్టల్ నుంచి నడిచి వెళ్లొచ్చు. సాయంత్రం అటుగా వెళ్తే ఒకసారి గేటు దగ్గర ఆగి చూడు.

లిటిల్ అనే ఆయన 1961లో రుజువు చేసిన సూత్రం కూడా నీ నోట్సులో ఉంది. లోపల సగటున 60 బండ్లుండి, గంటకి 12 దిగుతుంటే ఒక్కో బండి 5 గంటలు ఆగుతుందని. నిరుడు మార్చిలో ఒక రోజు పేజీ తీసి లెక్క వేశాను, దాదాపు సరిపోయింది. బండి లోపలికొచ్చిన టైము, బయటికెళ్లిన టైము మూడు సీజన్లవి నా చేత్తో రాసినవి గేటు పుస్తకాల్లో ఉన్నాయి. యజమాని పాత కాగితాలకి వేసేయమంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. బీరువా మీద ఉన్నాయి. ఆ పేపరు ఉంచుకొని సంక్రాంతికి రా. కొత్త పంట రాకముందే ఇద్దరం కూర్చుని, ముఠావాళ్లని ఏ వేళకి ఎంతమందిని పిలవాలో తేలుద్దాం.

మీ అమ్మ గోంగూర పచ్చడి పంపుతోంది. గదిలో అందరికీ పెట్టు.

నాన్న